సగం ప్రమాణం

మొన్న తిరుపతిలో మా ఇంటికి దగ్గరగా కొత్తగా తెరిచిన పెద్ద అంగట్లో కందిపప్పు తీసుకుని బిల్లు కోసం వరసలో నిలబడి ఉన్నాను. తలుపు దగ్గర యంత్రం కూయడం మొదలుపెట్టింది. స్కూలు యూనిఫాంలో ఉన్న ఇద్దరు మగపిల్లలూ ఒక ఆడపిల్లా గుమ్మంలోనే కొయ్యబారిపోయారు. ఆ పిల్ల సంచిలోంచి ఒక సెంటు సీసా బయటపడింది. కాపలా మనిషి అరిచాడు, మేనేజరు పరుగెత్తుకొచ్చాడు, జనం సెల్‌ఫోన్లు పైకెత్తారు. ఒక్క నిమిషంలో తీర్పులన్నీ వచ్చేశాయి. తల్లిదండ్రుల పెంపకం అన్నారు, సెల్‌ఫోన్ అన్నారు, సినిమాలన్నారు. నా వెనక నిలబడిన పెద్దమనిషి, నా వయసువాడే, నిట్టూర్చి, "మన కాలమే నయం సార్. ఇట్లాంటోళ్ళని కాణిపాకం తీసుకుపోయి సామి ముందర నిలబెడితే సాలు, నిజం దానంతటదే బయటికొస్తా ఉండె" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. వరసలో వాదన పెట్టుకుంటే బిల్లు వేసే అమ్మాయికి ఇబ్బందని ఊరుకున్నాను గానీ, ఇంటికొచ్చి పప్పు డబ్బాలో పోసుకున్నాక కూడా మంట చల్లారలేదు. ఆయన చెప్పిన మన కాలంలో నేనూ ఉన్నాను. సామి ముందర పిల్లల్ని నిలబెట్టడం కళ్ళారా చూశాను. అక్కడ ఏది బయటికొచ్చిందో, ఏది రాలేదో చెప్పకపోతే నాకు అన్నం సహించదు.

ఎనభైల మొదట్లో మాట. నేను తిరుపతిలో ఒక కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరర్ని. మా అక్కను చిత్తూరులో బెల్లం మండీ ఉన్న ఇంటికి ఇచ్చారు. శనివారం మధ్యాహ్నం క్లాసు ముగియగానే చిత్తూరు బస్సెక్కేవాణ్ణి. చంద్రగిరి దాటేలోపు సీటు దొరికితే అదృష్టం. ఆ మాట నేను వాడను కాబట్టి సంతోషం అనుకోండి. అక్క ఇల్లు మండీ వెనకే. ఇంటి గోడలకు బెల్లం వాసన, ఉతికి ఆరేసిన బట్టలకు బెల్లం వాసన, మా బావ దగ్గితే కూడా బెల్లం వాసన. ఆ ఇంటి మీద మాకెంత హక్కుందో చీమలకూ అంతే ఉండేది. మా బావ మంచివాడు, మొండివాడు. ఆయన వ్యాపారమంతా తువాలు కింద నడిచేది. అమ్మేవాడూ కొనేవాడూ తువాలు కప్పుకుని ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని ధర తేల్చుకునేవాళ్ళు. వేలు వదిలాక మాట మార్చినవాడికి మర్నాటినుంచి చిత్తూరు మండీల్లో ఎవరూ వేలు ఇవ్వరు. అందుకని మాట తప్పడమంటే ఆయనకు ప్రాణభయం లాంటిది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, లేకపోతే తర్వాత ఆయన చేసిన పని ఒట్టి మూర్ఖత్వంలా కనపడుతుంది. అది మూర్ఖత్వమే, కానీ ఒట్టిది కాదు.

నేను ఆ రోజుల్లో రాహుకాలం మీద, జాతకాల మీద, పూనకాల మీద ఒకేసారి యుద్ధం చేస్తున్నాను. సభల్లో మాట్లాడి మాట్లాడి గొంతు బొంగురుపోయినా, శనివారం సాయంత్రం అక్క ఇంటి వసారాలో మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి. వినేవాడు మా మేనల్లుడొక్కడే. పదో తరగతి. కళ్ళు పెద్దవి చేసి, నోరు తెరుచుకుని వినేవాడు. మా బావ లెక్కలు చూసుకుంటూ లోపలినుంచి, "ఏమప్పా, కాలేజీలో జీతమిచ్చి సెప్పమంటే సాలక ఈడ ఉచితంగా సెప్తా ఉండావా?" అనేవాడు. ఉచితంగా చెప్పినది ఎక్కడికి పోయి తేలుతుందో అప్పుడు నాకేం తెలుసు.

మేనల్లుడికి ఇద్దరు స్నేహితులు. ఒకడు ప్లీడరు కొడుకు, ప్రతి శనివారం నామం పెట్టుకుని బడికొచ్చే భక్తుడు. ఇంకొకడు నగరి దగ్గర ఎవరిదో మగ్గం మీద లుంగీలు నేసే మనిషి కొడుకు. చిత్తూరులో సర్కారు హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. అక్క ఇంటికొస్తే వసారా మెట్టు మీదే కూర్చునేవాడు. పైకి రమ్మంటే "ఈడ బాగుండాది సార్" అనేవాడు. లెక్కల్లో మిగతా ఇద్దరికీ వాడే గురువు.

బజారు వీధిలో ఒక ఫ్యాన్సీ షాపు ఉండేది. మద్రాసు రేవు నుంచి దొంగతనంగా దిగిన సామాను అక్కడ అద్దాల బీరువాల్లో దొరల్లా కూర్చుని ఉండేది. బంగారు రంగు మూతల ఫారిన్ పెన్నులంటే పదో తరగతి పిల్లలకు పిచ్చి. ఆ పెన్నుంటే పరీక్ష అదే రాసేసుకుంటుందని నమ్మకం. ఒక శుక్రవారం సాయంత్రం ఈ ముగ్గురూ ఆ షాపుకి వెళ్ళి, దువ్వెన బేరం చేసి, కొనకుండా బయటికొచ్చారు. షాపాయన బీరువా వైపు చూసుకుంటే రెండు పెన్నుల చోటు ఖాళీగా ఉంది. పంచె పట్టుకుని వట్టి కాళ్ళతో పరుగెత్తి, వీధి మలుపులో మేనల్లుడి సైకిలు నడిపించుకుంటూ పోతున్న ముగ్గుర్నీ పట్టుకున్నాడు. జేబులు తిప్పి చూశాడు, సంచులు దులిపాడు, చెప్పులు విప్పించాడు. ఏమీ దొరకలేదు. ముగ్గురూ మాకు తెలియదంటే తెలియదన్నారు.

పోలీసుల దగ్గరికి పోవడానికి షాపాయనకు దారి లేదు. పెన్నులెక్కడివని వాళ్ళడిగితే ఏం చెప్తాడు? అందుకని మా బావ దగ్గరికొచ్చాడు. శనివారం నేను బస్సు దిగి వచ్చేసరికి మండీలో బెల్లం బుట్టల మధ్య పంచాయతీ కూర్చుని ఉంది.

"పోలీసులెందుకప్పా, మన పిల్లోళ్ళు" అంటున్నాడు షాపాయన ఎంతో దయగా. "రేపు ఆదివారం. కాణిపాకం పోదాం. తలకు పోసుకుని, సామి ముందర నిలబడి ఒక్క మాట సెప్తే సరిపోతుంది. అబద్ధమాడినోడి సంగతి ఆయప్పే సూసుకుంటాడు."

చిత్తూరు పక్కన కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేస్తే బతికి బట్టకట్టరని మా జిల్లా అంతా నమ్మకం. పొలం గట్ల తగాదాలు, అన్నదమ్ముల వాటాలు, కోర్టులో తేలనివి కూడా అక్కడ తేలిపోయేవి. ప్లీడరు వెంటనే ఒప్పుకున్నాడు. "మావాడు ప్రమాణానికి ఎప్పుడైనా రెడీ" అన్నాడు. బోనెక్కి ప్రమాణం చేసిన సాక్షుల్ని ఆయన జీవితమంతా చూశాడు. దాని బరువెంతో ఆయనకు తెలిసినంతగా అక్కడ ఇంకెవరికీ తెలియదు.

నేను ఊరుకోలేదు. పిల్లల్ని విడివిడిగా కూర్చోబెట్టి, కొట్టకుండా, తిట్టకుండా అడిగితే తేలిపోయేదానికి దేవుణ్ణెందుకు లాగుతారన్నాను. నిజం చెప్పేవాడికి దేవుడితో పని లేదు, అబద్ధం చెప్పేవాడికి దేవుడంటే లెక్క లేదు, ఇక ఈ ప్రయాణం ఎవరికోసమన్నాను. సభలో అయితే చప్పట్లు పడేవి. మా బావ మాత్రం, "నువ్వూరుకో అప్పా. నీకు సామి లేడు, మాకుండాడు" అని లేచిపోయాడు.

పొద్దున్నే ప్లీడరు కారులో అందరం ఇరుక్కుని వెళ్ళాం. నేను గుడి లోపలికి పోకూడదని వ్రతం పట్టినవాణ్ణి కాను గానీ, ఆ తంతుకు సాక్షిగా ఉండడం ఇష్టం లేక కాస్త వెనగ్గా స్తంభం పక్కన నిలబడ్డాను. ముగ్గురికీ తలస్నానం చేయించి తడిబట్టలతో నిలబెట్టారు. చలికాలం. పళ్ళు టకటకమంటున్నాయి. ప్రమాణం మాటలు షాపాయనే కట్టాడు: "ఆ పెన్నులు నేను తీయలేదు, తీసినోడెవడో నాకు తెలియదు." తెలివైన ఏర్పాటు చేశానని ఆయన మురిసిపోయాడు. తీసినవాడికీ, తెలిసి దాచినవాడికీ ఒకే వల.

ప్లీడరు కొడుకు ఎక్కాలు అప్పజెప్పినట్టు గడగడా చెప్పేశాడు. మా మేనల్లుడు నా వైపు ఒకసారి చూసి, కొంచెం నవ్వినట్టు నాకనిపించి, వాడూ చెప్పేశాడు. మూడోవాడి వంతు వచ్చింది. "ఆ పెన్నులు నేను తీయలేదు" అన్నాడు, నాకు వినపడేంత గట్టిగా. తర్వాత నోరు కదల్లేదు.

"ఊఁ, మిగిలింది కూడా సెప్పు" అన్నాడు షాపాయన.

వాడు దేవుడి వైపు చూశాడు, నేల వైపు చూశాడు, పక్కనున్న ఇద్దరి వైపు మాత్రం చూడలేదు. నీళ్ళు జుట్టులోంచి ముక్కు మీదికి కారుతున్నాయి, తుడుచుకోలేదు. షాపాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సూసినారా? సామి నోరు కట్టేసినాడు!" అని లెంపలేసుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా లెంపలేసుకున్నారు. నేను ముందుకొచ్చి, "తీయలేదని చెప్పాడు కదయ్యా, మీకు వినపడలేదా?" అని అరిచాను. ప్లీడరు నా భుజం మీద చెయ్యి వేసి, "సగం ప్రమాణం చెల్లదు లెండి" అన్నాడు, జడ్జీగారి తరఫున చెప్తున్నట్టు.

దాంతో తేలిపోయింది. దొంగ దొరికాడు. షాపాయన ఆ మధ్యాహ్నమే హెడ్మాస్టరు ఇంటికి పోయి జరిగిందంతా చెప్పి వచ్చాడు. సోమవారం పొద్దున టీసీ ఇచ్చి పంపేస్తానని హెడ్మాస్టరు మాటిచ్చాడు. టీసీ చేతికొస్తే హాస్టల్ పోతుంది, హాస్టల్ పోతే చిత్తూరు పోతుంది, రెండు నెలల్లో రాయాల్సిన పదో తరగతి పరీక్ష పోతుంది. లెక్కల్లో మా కాలేజీ పిల్లలకు పాఠం చెప్పగల పిల్లవాడు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటాడు. ఇదంతా రెండు పెన్నుల కోసం. అవీ దొంగ పెన్నులే.

ఇంటికొచ్చాక మేనల్లుణ్ణి పెరట్లోకి పిలిచాను. వాడు సైకిలు తుడుచుకుంటున్నాడు. "ఒరే, నిజం చెప్పు" అన్నాను. వాడేమీ తడబడలేదు. సైకిలు హ్యాండిలు కొసకి ఉండాల్సిన రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది. దాన్ని నేల వైపు వంచి తట్టాడు. గొట్టంలోంచి రెండు పెన్నులు జారి రాలాయి. ప్లీడరు కొడుకు దువ్వెన బేరమాడుతుంటే వీడు తీశాడట. మూడోవాడికి బయటికొచ్చాక తెలిసిందట. "వద్దురా, తిరిగిచ్చేద్దాం" అని వాడంటుండగానే షాపాయన వచ్చి పడ్డాడట.

"మరి ప్రమాణమెలా చేశావురా?"

"రాయికి సెవులుండవని నువ్వే గదా మామా సెప్పినావు?" అన్నాడు, పరీక్షలో సరైన జవాబు రాసినవాడి మొహంతో.

ఇది విని ఆస్తికులెవరూ సంబరపడనక్కర్లేదు. శనివారం నామాలు పెట్టుకునే ప్లీడరు కొడుకూ అదే ప్రమాణం అంతకంటే వేగంగా చేశాడు. నమ్మకం ఉన్నవాడూ లేనివాడూ ఒకేలా అబద్ధమాడారు. ఆగిపోయినవాడు ఒక్కడే, వాడికే శిక్ష. అయినా నాకు తల తిరిగిపోయింది. "రాయికి చెవుల్లేవన్నాను గానీ, పక్కన నిలబడిన నీ స్నేహితుడికి లేవన్నానట్రా? వాడు వింటుండగానే కదా చెప్పావు?" అన్నాను. వాడి మొహం అప్పుడు మారింది. అంతవరకు ఆ సంగతి వాడికి తట్టినట్టు లేదు.

పెన్నులూ మేనల్లుణ్ణీ పట్టుకుని సాయంత్రం షాపుకి వెళ్ళాను. చెప్పిందంతా షాపాయన విన్నాడు. పెన్నులు అందుకున్నాడు, మూతలు తీసి పాళీలు చూసుకున్నాడు, బీరువాలో వాటి చోట వాటిని పెట్టి తాళం వేశాడు. తర్వాత చేతులు జోడించాడు. "సార్, పెన్నులొచ్చినాయి, సంతోషం. ఆ మాట మాత్రం మళ్ళా ఎత్తొద్దండి. సామి ముందర తేలిపోయిండాది. ఇప్పుడు నేను తిరగదోడితే సామి తప్పు సెప్పినట్టు కాదా?" అన్నాడు. సరుకు కావాలి, నిజం అక్కర్లేదు! నేను వాదించాను. దేవుడేమీ చెప్పలేదయ్యా, మీరే చెప్పారు అన్నాను. గాజుల కోసం ఎవరో ఆడవాళ్ళొస్తే ఆయన అటు తిరిగిపోయాడు.

ఇంట్లో మా బావ కొడుకుని ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. విరుచుకుపడింది నా మీద. "ఎవురడిగినారప్పా నిన్ను? మా ఇంటి బిడ్డ దొంగ ప్రమాణం సేసినాడని తెలిస్తే నాతో ఎవుడు వేలు కలుపుతాడు? మండీ మూసుకుని నీ సభలకొచ్చి కూర్చోనా?" అని గుడ్లురిమాడు. అటు పిల్లవాడి చదువు పోతుందని నేను అంటుంటే, "ఆ పిల్లోడు ఆ ఒక్క మాటా సెప్పేసి ఉంటే ఏ గొడవా లేదు గదా" అన్నాడు. ఎంత విసుగొచ్చిందో మాటల్లో చెప్పలేను. నిజం చెప్పినందుకే కాదు, అబద్ధం చెప్పనందుకు కూడా ఈ దేశంలో సంజాయిషీ ఇచ్చుకోవాలి.

సోమవారం నా కాలేజీ మానేసి బడికి వెళ్ళాను. వసారాలో రేకు పెట్టె పక్కన ఆ పిల్లవాడు నిలబడి ఉన్నాడు. కబురందుకుని మొదటి బస్సులో వచ్చిన వాళ్ళ నాయన తలపాగా చేతిలో నలుపుకుంటూ, "ఒక్క మాట అనేసి ఉండగూడదా రా? సామి ఏమన్నా కొరుకుతాడా?" అని ఏడుపు గొంతుతో తిడుతున్నాడు. హెడ్మాస్టరు టీసీ మీద సంతకం పెట్టడానికి పెన్ను మూత తీసి ఉన్నాడు. నేను నా వాదనంతా వినిపించాను. సాక్ష్యం, తర్కం, న్యాయం, ఏదీ వదల్లేదు. ఆయన ఓపిగ్గా విని, "నాకు మీ మీద గౌరవముంది సార్. కానీ మీరు దేవుణ్ణి నమ్మరు. కాణిపాకం విషయంలో మీ మాట నేనెలా తీసుకునేది?" అన్నాడు.

అప్పుడు మా అక్క వచ్చింది. జన్మలో బడి గేటు దాటని మనిషి, కొడుకుని జబ్బ పట్టుకుని, చెప్పులు వసారాలో విడిచి నేరుగా లోపలికొచ్చింది. పెరట్లో మా మాటలు వంటింటి కిటికీలోంచి ఆమె విన్నదట. అప్పటినుంచీ కొడుకు కళ్ళు పోతాయో, కాళ్ళు పడిపోతాయో అని పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదట. "సెప్పురా" అంది. మేనల్లుడు తల దించుకుని చెప్పాడు. దువ్వెన, బీరువా, సైకిలు గొట్టం, అన్నీ.

హెడ్మాస్టరు పెన్ను కింద పెట్టాడు గానీ ఇంకా నీళ్ళు నమిలాడు. "అది సరేనమ్మా, సామి ముందర చేసిన ప్రమాణం కదా, దాన్ని మనమెలా..."

"సార్, ప్రమాణం సంగతి సామి సూసుకుంటాడు. టీసీ సంగతి మీరు సూడండి" అంది అక్క.

దేవుడి పనీ మనిషి పనీ ఇంత శుభ్రంగా విడదీసిన వాక్యం నేను ఏ సభలోనూ వినలేదు, ఇంతవరకు నేనూ అనలేదు. నా తర్కం అంగుళం కదపలేని మేజాను ఆమె భయం తోసేసింది. ఇది నాకు గర్వమూ కాదు, సంతోషమూ కాదు. ముందురోజు అదే భయం ఆ గుడిలో అందరిచేతా లెంపలేయించింది. భయాన్ని నమ్ముకుంటే ఏ రోజు ఎటు నడిపిస్తుందో చెప్పలేం. కానీ ఆ రోజు టీసీ చిరిగింది.

హెడ్మాస్టరు ఆ పిల్లవాణ్ణి లోపలికి పిలిచి అడిగాడు: "నీకు తెలుసు కదరా, ఎవరో పేరు చెప్పి ఉండొచ్చు కదా?"

వాడు మా మేనల్లుడి వైపు మొదటిసారి చూశాడు. "వాడే సెప్తాడనుకున్నా సార్" అన్నాడు.

ఇక శిక్షల సంగతి. ప్లీడరు కొడుకు మాట మార్చలేదు, వాళ్ళ నాయన మార్చనివ్వలేదు. తర్వాత వాడూ ప్లీడరే అయ్యాడు. మా బావ కొడుకుని తిరుమల తీసుకుపోయి గుండు కొట్టించి, దోషం పోయిందన్నాడు. మా వైపు గుండంటే శిక్షా? గుండుతో బడికి పోతే పిల్లలు లడ్డు ఏదిరా అని మూగారు, పంతుళ్ళు ప్రసాదం కళ్ళకద్దుకున్నారు. షాపాయన ఆ రెండు పెన్నులూ ఎవరికో అమ్ముకునే ఉంటాడు. ఊరు ఊరంతా కలిసి ఒక్క తప్పుకి ఒక్క సరైన శిక్ష వేయలేకపోయింది. వేసినవాడు ఆ నేతగాడి కొడుకే. రేకు పెట్టె హాస్టల్లో పెట్టి వచ్చి, క్లాసులో తన పుస్తకాలు తీసుకుని వేరే బెంచీకి మారాడు. పరీక్షలు అయ్యేదాకా మా మేనల్లుడితో ఒక్క మాట మాట్లాడలేదు. కోపంగా చూడలేదు, ఎవరికీ చెప్పుకోలేదు, ఊరికే మాట్లాడలేదంతే. గుండు మీద జుట్టు తిరిగి వచ్చేసింది. మేనల్లుడు లెక్కల పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "వాడు సెప్పినట్టు నువ్వు సెప్పలేవు మామా" అని మధ్యలో లేచిపోయేవాడు.

మేనల్లుడికి ఇప్పుడు మనవలున్నారు. మండీ మూసి చాలా కాలమైంది. ఆ మధ్య నగరిలో ఎవరిదో పెళ్ళికి పోయి వచ్చి, తిరుపతిలో మా ఇంట్లో ఆగాడు. కాఫీ చల్లారిపోయేదాకా తాగలేదు. పెళ్ళిలో ఆ నేతగాడి కొడుకు కనపడ్డాడట. కరెంటాఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడట. గుర్తుపట్టాడట. చేయి కలిపాడట. "ఎట్లుండారు, బాగుండారా మీరు అన్నాడు మామా" అన్నాడు. అని, 'మీరు' అన్న మాటే మళ్ళీ ఒకసారి అన్నాడు.

"నువ్వేమన్నావురా?" అని అడిగాను.

"బాగుండానండీ అన్నాను."

అరవై దాటినవాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు గానీ, ఒళ్ళు మండిపోయింది. అక్కడ కుర్చీలున్నాయి, భోజనాలయ్యాక ఖాళీ సమయం ఉంది, పక్కన ఎవరూ లేరు. క్షమించమనే ఒక్క మాటకు ఇంకేం కావాలి? కాలం గడిస్తే అన్నీ సర్దుకుంటాయని వాడు కూడా నమ్ముకుని కూర్చున్నాడు. కాలానికి గడవడం ఒక్కటే వచ్చు, తక్కిన పనులన్నీ మనుషులే చేసుకోవాలి.